'లో' ఎవరిది?

రండి పిల్లలూ, దగ్గరికి రండి. చాప చాలకపోతే ఆ గోనెపట్టా కూడా పరచుకోండి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు లోపలికి వచ్చి కూర్చోండి, గాలి రాదు. భారతీ, ఆ మోకాలి మీది పొక్కును గోకొద్దమ్మా. దాని మానాన దాన్ని వదిలెయ్. ఎందుకు వదలాలో కథ అయ్యాక నువ్వే చెబుదువుగాని. అందరూ కుదురుగా కూర్చున్నారా? అయితే వినండి.

ఏటి ఒడ్డున ఇసకపల్లె అనే ఊళ్ళో, అతుక్కుని ఉన్నది ఏది కనిపించినా గోకి పీకేదాకా చెయ్యి ఊరుకోని పెంచలయ్య అనే కారు డ్రైవరు ఉండేవాడు.

మందుసీసా తెస్తే మందు తాగకముందే సీసా మీది కాగితం ఊడబెరికేవాడు. గోడకు వేసిన సున్నం కాస్త పొంగితే చాలు, దాన్ని గిల్లి గిల్లి గోడకు పెద్ద మచ్చ చేసేవాడు. క్యాలెండరులో రేపటి తేదీ కోసం ఇవాళ సాయంత్రమే కాగితం చించేసేవాడు. "మా ఇంట్లో పొద్దు ఒకరోజు ముందే పొడుస్తుంది" అని అతని భార్య చెంగమ్మ నవ్వేది. మనిషి మాత్రం మంచివాడు. చేతికే తొందర.

ఏటికి అవతలి ఒడ్డున అతని నేస్తం ఓబులేసు ఉండేవాడు. ఊరంతా ఓబులు అనేది. బండ్లకూ తలుపులకూ రంగులు వేయడం అతని పని. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బర్రె వీపు మీద కూర్చుని ఏరు దాటినవాళ్ళు. పెద్దయ్యాక ఇద్దరూ కలిసి ఒక పాత కారు కొన్నారు. నడపడం పెంచలయ్య వంతు, దాన్ని అద్దంలా ఉంచడం ఓబులు వంతు.

కారు వెనక డిక్కీ మీద, దాన్ని చేసిన కంపెనీ పేరు అక్షరాలుగా అతికించి ఉంది. కొత్త రంగు వేయాలంటే ముందు అవి ఊడాలి. పెంచలయ్య వెంటనే స్క్రూడ్రైవరు తీశాడు.

"ఆగరా!" అని ఓబులు అతని చెయ్యి పట్టుకున్నాడు. "కారుకు కూడా చర్మం ఉంటుంది. నీ గోరు కింద పుల్ల దూర్చి లేపితే నీకెట్లా ఉంటుంది?"

"అయితే ఏం చేయాల?"

"కూచోవాల. వదినా, కాసిని వేణ్ణీళ్ళు కాచి ఇస్తావా? కొబ్బరినూనె కూడా కొంచెం."

కూచోవాల అన్న మాట వినగానే పెంచలయ్యకు టీ గుర్తొచ్చింది. అతను టీ తాగి తిరిగొచ్చేసరికి అక్షరాలన్నీ చాప మీద వరసగా పడుకుని ఉన్నాయి. డిక్కీ మీద ఒక్క గీత కూడా లేదు. ఎట్లా తీశావని పెంచలయ్య అడగలేదు. ఊడాయి కదా, అంతే చాలు.

ఆ తరవాత ఓబులు రంగు కలిపాడు. ఏ డబ్బాలోనూ దొరకని రంగు అది. నీలంలో పచ్చ, పచ్చలో కాస్త చీకటి, ఆ చీకటిలో ఎక్కడో ఒక బంగారు మెరుపు. ఏది ఎంత పోశాడో అతనికే తెలియదు. తన కన్ను ఒప్పుకునేదాకా కలిపాడు. నెమలి మెడ రంగు అని ఊళ్ళోవాళ్ళు పేరు పెట్టారు. పొద్దున చూస్తే నీలంగా ఉండేది, సాయంత్రం చూస్తే పచ్చగా ఉండేది. కారు ఏటి గట్టు మీద పోతుంటే కొంగలు దాని లోపలే ఎగురుతున్నట్టు కనిపించేవి. పిల్లలు దాని పక్కన నిలబడి మొహాలు చూసుకునేవాళ్ళు. నీళ్ళలో మునిగి కూడా ఊపిరి ఆడుతున్నట్టు ఉండేది వాళ్ళకు. ఏరు ఎండిపోయిన వేసవిలో ముసలివాళ్ళు ఆ కారును చూసి, "పోనీ, ఊళ్ళో ఇన్ని నీళ్ళయినా తిరుగుతున్నాయి" అనుకునేవాళ్ళు.

ఇక కారుకు పేరు పెట్టాలి. పెంచల అని ఒకటి, ఓబులు అని ఒకటి, రెండు పేర్లూ పెట్టిద్దామంటే డిక్కీ మీద చోటు చాలలేదు. సైకిల్ షాపు శేషప్పను అడిగారు. శేషప్ప పదో తరగతి పదే పదే రాసినవాడు. లెక్కలు ఎప్పటికీ రాలేదు కానీ తెలుగు వ్యాకరణం మాత్రం నోటికొచ్చేసింది.

"దానికేముంది? సంధి చేస్తే సరి" అన్నాడు శేషప్ప. "పెంచల, ఓబులు. రెండూ కలిపితే పెంచలోబులు!"

ఇద్దరికీ ఆ పేరు నచ్చింది. టౌనులో మెరిసే లోహంతో అక్షరాలు కోయించుకొచ్చారు. పెం, చ, లో, బు, లు. ఓబులు దారం పట్టి, వంకర పోకుండా ఒక్కొక్కటే అతికించాడు. దూరం నుంచి చూస్తే నీళ్ళ మీద తెల్లబాతులు వరసగా పోతున్నట్టు ఉండేవి. "పెంచలోబులు కారు వచ్చిందా?" అని అడగడం ఊరికి అలవాటైపోయింది. అట్లా కొన్నేళ్ళు గడిచాయి. ఎండకు కారు రంగు కాస్త వెలిసింది. రోజూ చూసే కళ్ళకు ఆ సంగతి తెలియలేదు.

ఒకనాడు టీ అంగట్లో శేషప్పకు ఏమీ తోచలేదు. ఏమీ తోచనప్పుడే అతనికి వ్యాకరణం గుర్తొచ్చేది.

"ఏం పెంచలయ్యా, కారు మీద నీ పేరు సగమే ఉందే!" అన్నాడు.

"సగమేంది? పూర్తిగానే ఉంది కదా."

"యాడుంది? చదువు చూద్దాం. ఓబులులో 'ఓ' దర్జాగా నిలబడి ఉంది. నీ 'ల'లో 'అ' ఏమైంది? పోయింది! సంధి జరిగితే ముందు పదం చివరి అచ్చు లోపిస్తుందయ్యా. అంటే నీ నేస్తం నీ అచ్చు మింగేశాడన్నమాట!"

అంగట్లో అందరూ నవ్వారు. "పోనీలే అన్నా, అచ్చే కదా పోయింది, స్టీరింగు నీ చేతిలోనే ఉంది కదా" అన్నాడొకడు.

అచ్చు అంటే ఏమిటో మీకు తెలుసు, బడిలో చదువుకున్నారు. పెంచలయ్యకు సరిగా తెలియదు. కానీ తనదేదో పోయిందన్న మాట మాత్రం ముల్లులా దిగింది. ముల్లు దిగితే పీకకుండా ఊరుకునే మనిషా అతను?

టీ గ్లాసు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాడు. ఓబులు కారు తుడుస్తున్నాడు.

"ఒరే, నా అచ్చు నాకు కావాల" అన్నాడు పెంచలయ్య.

"ఏం అచ్చు? బెల్లం అచ్చా?"

"ఎగతాళా? నా పేరు మింగింది చాలక పైగా ఎగతాళా?"

సంగతంతా విన్నాక ఓబులుకు నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆ నవ్వు చూసి పెంచలయ్యకు ఒళ్ళు మండింది.

"నవ్వు, బాగా నవ్వు. రేపటి నించి ఈ కారు మీద నీ పేరు ఉండదు. నాది ఒక్కటే ఉంటుంది. నువ్వూ రానక్కర్లే!"

ఓబులు నవ్వు ఆగిపోయింది. ఈ రంగు ఎవరు వేశారని అతను అడగలేదు. తడిగుడ్డ పిండాడు. మడిచి కారు మీద పెట్టాడు. ఎండిన ఏటి ఇసకలోకి దిగి అవతలి ఒడ్డు వైపు నడిచాడు. ఎండలో అతని రూపం నీళ్ళలో నీడలా ఊగింది. ఊగి ఊగి కరిగిపోయింది.

రేపటి నించి అన్నాడే గానీ, పెంచలయ్యకు రేపటిదాకా ఆగడం ఎప్పుడు వచ్చు గనక? అప్పుడే స్క్రూడ్రైవరు తెచ్చాడు. కొసన ఉన్న 'లు' కింద దూర్చి ఒక్క పెట్టున పైకి లేపాడు. టప్పుమని ఊడింది. దాంతోపాటు అక్షరం అంచున ఒక రంగు పెచ్చు కూడా లేచిపోయింది.

అక్కడ చింతగింజంత తెల్లటి గాయం కనిపించింది.

పెంచలయ్య వేలు తడిచేసి రుద్దాడు. పోలేదు. అరచేత్తో మూశాడు. చెయ్యి తీస్తే అది అక్కడే ఉంది. ఇంత చల్లటి నీలం మధ్య ఆ తెల్లమచ్చ కన్ను తెరిచి అతన్నే చూస్తున్నట్టు ఉంది. ఊళ్ళో రంగుల అంగడి ఉంది. అందులో డబ్బాలూ ఉన్నాయి. కానీ నెమలి మెడ ఏ డబ్బాలోనూ లేదు. ఆ రంగు ఒక్క మనిషి కంట్లో మాత్రమే ఉంది. ఆ మనిషిని తానే ఏరు దాటించి పంపేశాడు.

చప్పుడు విని చెంగమ్మ బయటికి వచ్చింది. మచ్చను చూసి బుగ్గ నొక్కుకుంది.

"అయ్యో అయ్యో! కాలని దోసెను అట్లకాడతో గీకినట్టు గీకితివి కదయ్యా!"

"ఇంకెట్లా తీస్తారు మరి?" అన్నాడు పెంచలయ్య. గొంతులో పదును లేదు.

"దోసెను ఎట్లా తీస్తాం? కాలేదాకా ఆగితే అంచులు అవే లేస్తాయి. ఆ రోజు ఓబులు ఎట్లా తీసినాడో నువ్వు చూడలా? టీకి పోతివి కదా. నేను చూసినా. గుడ్డ వేణ్ణీళ్ళలో ముంచి, పిండి, అక్షరం మీద వేయాల. చెయ్యి ఓర్చుకునే వేడి చాలు. మరీ కాగిన నీళ్ళయితే రంగే పొంగుతుంది. జిగురు మెత్తబడినాక వెనక సన్నటి గాలపు దారం దూర్చి, అటూ ఇటూ మెల్లగా లాగాల. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టాల. గోరు తగలకూడదు. ఆనక కొబ్బరినూనె, ఆనక సబ్బునీళ్ళు." ఆమె లోపలికి పోతూ వెనక్కి తిరిగింది. "నీళ్ళు పొయ్యి మీద నేను పెడతా. నీ కోపం నువ్వు దించిపెట్టు."

పెంచలయ్య వెచ్చటి గుడ్డను 'బు' మీద వేసి, నేల మీద కూలబడ్డాడు. ఆగడం అతనికి కొత్త. చేతులకు పని లేకపోయేసరికి కళ్ళకు పని దొరికింది. కారు నీలంలో ఒక మబ్బు నెమ్మదిగా పోతోంది. అది ఈ తలుపు నుంచి ఆ తలుపుకు చేరేదాకా అతను చూస్తూ కూర్చున్నాడు. తన కారులో ఇంత ఆకాశం ఉందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

గుడ్డ చల్లబడింది. మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచి వేశాడు. మెల్లగా దారం దూర్చి లాగడం మొదలుపెట్టాడు. సర్... సర్... ఏట్లో ఇసక జారుతున్న చప్పుడులా ఉంది. ఆ చప్పుడు వెంట చిన్ననాటి ఏరు వచ్చింది. బర్రె వీపు తడిగా ఉంది. నీళ్ళు చల్లగా కాళ్ళను లాగుతున్నాయి. ముందు కూర్చున్నది తను. వెనక కూర్చుని, తను జారిపోకుండా నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నది ఓబులు. "ముందు నువ్వు కూచో, నీకు ఏరు బాగా కనబడుతుంది" అన్నదీ ఓబులే.

'బు' తనంత తానే వదిలి అతని అరచేతిలోకి వచ్చి పడింది. కోడిపిల్లలా వెచ్చగా ఉంది.

జిగురు ఉండలు చుట్టి తీశాడు. నూనె రాశాడు, కడిగాడు, తుడిచాడు. తుడిచి చూస్తే గీత లేదు. కానీ అక్కడ 'బు' ఇంకా ఉంది! లోహపు అక్షరం అతని చేతిలో ఉంది, రంగు అక్షరం కారు మీదే ఉంది. ఇన్నేళ్ళ ఎండ చుట్టూ ఉన్న రంగును తినేసింది గానీ అక్షరం కిందిదాన్ని తాకలేదు. అక్కడ మాత్రం తొలిరోజు నెమలి మెడ, తడి ఆరనట్టు మెరుస్తోంది. పక్కన 'లు' కూడా అంతే. తీసేసిన పేరు మునుపటికన్నా ముదురుగా కనిపిస్తోంది.

ఇక మిగిలింది 'లో'. పెంచలయ్య దాని మీద గుడ్డ వేసి ఆలోచనలో పడ్డాడు. ఇది తీస్తే తను వట్టి 'పెంచ' అవుతాడు. తీయకపోతే ఓబులు 'ఓ' కూడా ఉండిపోతుంది. ఇంతకూ 'లో' ఎవరిది? ఆలోచిస్తూ, కారుకు తల ఆనించి, ఎండ వాలుతున్న వేళ కునుకు తీశాడు.

కలలో ఏరు నిండుగా పారుతోంది. నీళ్ళన్నీ నెమలి మెడ రంగు. అక్షరాలు కారు దిగి, బడి వదిలిన పిల్లల్లా నీళ్ళ వైపు నడిచాయి. 'పెం', 'చ' చేతులు పట్టుకుని ఈ ఒడ్డున నిలబడ్డాయి. 'బు' ముందు నడిచింది, 'లు' కుంటుకుంటూ దాని వెంట అవతలి ఒడ్డుకు చేరింది. 'లో' మాత్రం ఏటి నడుమ ఒక బండ మీద నిలబడిపోయింది.

"ఇటు రా" అన్నాడు పెంచలయ్య.

"ఎట్లా వచ్చేది?" అంది 'లో'. "నా ఒళ్ళు నీది, నా గొంతు ఓబులుది. గొంతు అక్కడ వదిలి వస్తే నన్ను ఎట్లా పిలుస్తావు? పిలిచి చూడు."

పెంచలయ్య నోరు తెరిచాడు. నాలుక పైకి లేచి అంగిలికి అంటుకుంది. 'ల్' అన్న చోటే ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా గొంతు పెగలలేదు. నీళ్ళు చప్పుడు లేకుండా పారుతున్నాయి. అవతలి ఒడ్డు మెల్లగా దూరం జరుగుతోంది.

ఉలిక్కిపడి లేచాడు. గుడ్డ చల్లగా చచ్చుబడి ఉంది. 'లో'ను కదిపి చూశాడు. మెత్తబడిన జిగురు మళ్ళీ బిగిసింది. అది ఎప్పటిలాగే కదలకుండా కూర్చుని ఉంది.

పెంచలయ్య ఒక చేతిలో 'బు', ఒక చేతిలో 'లు' పట్టుకుని ఏటి ఇసకలోకి దిగాడు.

ఓబులు ఇంటి ముందు ఒక తలుపుకు పసుపు రంగు వేస్తున్నాడు. వేసిన చోటే మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడు. అడుగుల చప్పుడు విన్నాడు కానీ తల తిప్పలేదు.

"ఎవరదీ?"

"నేనురా."

"నేనంటే? సగం పేరా, పూర్తి పేరా?"

పెంచలయ్య అక్షరాలు రెండూ అరుగు మీద పెట్టాడు. ఓబులు 'బు'ను తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు.

"కుదురుగా వచ్చిందే. ఎవరు తీసినారు?"

"నేనే."

ఓబులు నమ్మనట్టు చూశాడు. 'లు'ను తీసుకున్నాడు. అది వంగి ఉంది. దాని అంచున నెమలి మెడ రంగు పెచ్చు అతుక్కుని ఉంది.

"ఆ, ఇది మాత్రం నువ్వే తీసినావు" అన్నాడు.

"రంగు లేచిపోయిందిరా ఓబులూ. చింతగింజంత. చెయ్యి తొందరపడింది. నోరు అంతకుముందే తొందరపడింది."

ఓబులు ఆ పెచ్చును వేలికొసతో తడిమాడు. "మరి 'లో' ఎందుకు తీయలా?" అని అడిగాడు.

"అది నీదో నాదో తేలలేదు."

ఓబులు కుంచె కింద పెట్టాడు. "ఒరే పెంచలా, ఒక మాట చెప్పు. సంధి విడదీయడానికి వచ్చినావా, సంధి చేసుకోవడానికి వచ్చినావా?"

"చేసుకోవడానికే" అన్నాడు పెంచలయ్య. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతు బాగానే పెగిలింది.

"అయితే పద. పొద్దు ఉండగానే రంగు కలపాల. నెమలి మెడ దీపం వెలుగులో దొరకదు."

ఇద్దరూ ఏరు దాటి వచ్చారు. ఓబులు మచ్చ దగ్గర కూర్చుని చిప్పలో రంగు కలిపాడు. చూశాడు, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కలిపాడు.

"మొదటి రంగే కలపొచ్చు కదరా" అన్నాడు పెంచలయ్య.

"అది ఇప్పుడు అతకదు. అప్పటి రంగులో ఇన్నేళ్ళ ఎండను కూడా కలపాల" అన్నాడు ఓబులు.

పెంచలయ్య కదలకుండా కూర్చున్నాడు. టీ గుర్తొచ్చింది. అయినా లేవలేదు. ఓబులు ఒక కోడి ఈక కొసతో ఆ చింతగింజంత చోట రంగు అద్దాడు. తెల్లటి కన్ను మెల్లగా మూసుకుంది. చాలా దగ్గరగా చూస్తే తప్ప మచ్చ తెలియదు. తెలిసినవాళ్ళకు ఎప్పటికీ తెలుస్తుంది.

"అక్షరాలు ఇప్పుడే అతికించేద్దామా?" అన్నాడు ఓబులు, కావాలనే.

"ఆరనీరా. తొందరేముంది?" అన్నాడు పెంచలయ్య.

ఆ మాటకు లోపల చెంగమ్మ నవ్వింది. ఓబులూ నవ్వాడు. ఈసారి పెంచలయ్య కూడా నవ్వాడు.

మరునాడు కారు టీ అంగడి ముందు ఆగింది. 'పెంచలో' అని లోహపు అక్షరాలు, 'బులు' అని రంగు అక్షరాలు. ఊళ్ళోవాళ్ళు ఎప్పటిలాగే "పెంచలోబులు కారు వచ్చింది" అన్నారు. సగం పేరు ఊడిందని వాళ్ళ కళ్ళకు ఆనలేదు. శేషప్పకు మాత్రం ఆనింది.

"ఏం పెంచలయ్యా, పోయిన నీ అచ్చు దొరికిందా?"

"అది పోలేదు శేషప్పా, నేనే ఇచ్చినా. ఒకరి అచ్చు తగ్గకపోతే సంధి ఎట్లా అవుతుంది? నువ్వే కదా చెప్పింది!"

శేషప్ప తన టీ తాను తాగాడు. కారు ఏటి గట్టు ఎక్కింది. పొద్దుటి నీలంలో కొంగలు దాని లోపల ఎగురుతూ పోయాయి.

అదీ కథ. భారతీ, పొక్కు ఎందుకు గోకకూడదో ఇప్పుడు తెలిసిందా? నవ్వుతున్నావంటే తెలిసిందనే. ఇక లేవండి, గోనెపట్టా మడిచి మూలన పెట్టండి. ఇళ్ళలో కంచాలు పెట్టుకుని మీకోసం చూస్తుంటారు. వెళ్ళి అన్నాలు తినండి. అన్నం పొగలు కక్కుతుంటే ఆగి, ఊదుకుని తినండి. దారిలో ఈ మాట ఒకరికొకరు చెప్పుకుంటూ పోండి: అతుక్కున్నదాన్ని కోపంతో పీకితే మచ్చ పడుతుంది, ఓర్పుతో వెచ్చబెడితే విడిపోవలసింది నొప్పి లేకుండా విడిపోతుంది, కలిసి ఉండవలసింది మరింత గట్టిగా అతుక్కుంటుంది.